మా ఊరికి వారాంతం మంజూరైంది

మా ఊరికి వారాంతం లేదన్న సంగతి ప్రభుత్వానికి ఈ ఏడు మాఘమాసంలో తెలిసింది. తెలియజేసింది మా అమ్మే.

జిల్లా తీరిక అభివృద్ధి శాఖ నుంచి సర్వే చేసేవాళ్ళు జీపులో వచ్చి, మొదట మా ఇంటి ముందే ఆపారు. అమ్మ అప్పుడే చేలోంచి మిరపకాయల గంప దించి నడుం నిలబెట్టుకుంటోంది. నాన్న లారీ తీసుకుని ఎటో దూరం పోయి ఉన్నాడు. నేను తలుపు వెనక ఉన్నాను. కొత్తవాళ్ళు వస్తే నేను ఉండే చోటు అదే.

"వారాంతంలో మీ కుటుంబం తీరిగ్గా ఏ కచేరీ చిత్రాలు, ఏ డాక్యుమెంటరీలు చూస్తుందమ్మా?" అని అడిగాడు సర్వే ఆయన.

"వారాంతం అంటే ఏంది సార్?" అంది అమ్మ.

"శని, ఆదివారాలు."

"ఆ రోజుల్లో కాయ కోత సార్."

"మిగతా రోజుల్లో?"

"అప్పుడూ కాయ కోతే."

"మరి ఆదివారానికీ మంగళవారానికీ తేడా ఏమిటమ్మా?"

అడిగినవాళ్ళకి సరైన జవాబు చెప్పాలని అమ్మకు ఉంటుంది. "ఆదివారం మా పిల్లకి బడుండదు సార్. అందుకని అది గూడా కోతకొస్తది" అంది.

సర్వే ఆయన మొహం జాలిగా పెట్టి రాసుకున్నాడు. పక్కింట్లోనూ, ఆ పక్కింట్లోనూ అదే జవాబు వచ్చింది. సాయంత్రం జీపు వెళ్ళేటప్పటికి మాది 'వారాంత రహిత గ్రామం' అయిపోయింది. మా ఊళ్ళో డ్రైనేజీ లేదని పదేపదే చెప్పినా పట్టించుకున్నవాళ్ళు లేరు గానీ, ఈ లోటు మాత్రం వారం తిరక్కుండానే తీర్చడానికి బయల్దేరారు.

తీర్చడానికి వచ్చినాయన పేరు మార్తాండం గారు. తీరిక అభివృద్ధి శాఖలో సహాయ సంచాలకులు. మనిషి భారీగా, నిదానంగా ఉంటారు. మాట్లాడేటప్పుడు ప్రతి మాటనీ ముందు నోట్లో పరీక్ష చేసి బయటికి వదులుతారు. బడి ఆవరణలో ఊరందర్నీ కూర్చోబెట్టి మీటింగు పెట్టారు.

"మహాజనులారా! పని చేయుట మానవుని స్వభావము. విశ్రమించుట మానవుని సంస్కారము. సదరు సంస్కారమును గ్రామస్థాయిలో దశలవారీగా అమలుపరచుటయే ఈ పథకము యొక్క ప్రధానోద్దేశము. ఇకపై శనివారము ఒక కచేరీ చిత్రమును, ఆదివారము ఒక డాక్యుమెంటరీని మీరందరూ పంచాయతీ హాలునందు తీరికగా వీక్షించవలెనని శాఖ సిఫారసు చేయుచున్నది."

వెనక నుంచి చెంచయ్య తాత లేచాడు. తాత మా పక్క కల్లం ఆయన. ఎవరు మీటింగు పెట్టినా ఒక ప్రశ్న వేయందే ఇంటికి పోడు.

"బానే ఉంది సార్. మరి కాయలెవరు కోస్తారు?"

"ఆ ప్రశ్న వేరే శాఖకు చెందినది" అన్నారు మార్తాండం గారు.

"పోనీ, రాకపోతే ఏం జేస్తారు? తప్పనిసరా ఏంది?"

"ఎంతమాత్రమూ కాదు. ఇది కేవలము సిఫారసు. సిఫారసును పాటించనివారిపై మాత్రమే చర్యలుండును."

తాత కూర్చున్నాడు. పక్కనున్నవాళ్ళు "ఏమన్నాడు?" అని అడిగితే "రమ్మన్నాడు" అని చెప్పాడు.

సిఫారసు చేయడానికి ఊరికొక మనిషి కావాలట. చదువుకునే వయసులో ఉండాలి, చేతిరాత బాగుండాలి, సొంత అభిప్రాయాలు ఉండకూడదు. మా హెడ్మాస్టారు ఏమాత్రం తడుముకోకుండా నా వైపు చెయ్యి చూపించారు.

"నాగమల్లి అని మా పదో తరగతి పిల్లండీ. రోజూ డైరీ రాసుకుంటుంది, అక్షరాలు అచ్చు గుద్దినట్టుంటాయి. ఇక అభిప్రాయాలంటారా, ఈ పిల్ల గొంతు ఎలా ఉంటుందో నాకే సరిగా తెలియదు."

నా మెడలో నీలం రిబ్బనుతో ఒక కార్డు వేశారు. 'గ్రామ సిఫారసు సహాయకురాలు' అని ఉంది దాని మీద. నేను హెడ్మాస్టారి చెవిలో ఒక సందేహం అడిగాను. ఆయన దాన్ని పైకి చెప్పారు: "సిఫారసు చేసే ముందు ఆ సినిమాలు తను చూడాలా అని అడుగుతోందండీ."

మార్తాండం గారు ఉలిక్కిపడ్డారు. "చూడరాదు! చూచినవారికి అభిప్రాయము ఏర్పడును. అభిప్రాయము ఏర్పడినవారు సిఫారసు చేసినచో అది పక్షపాతమగును."

అలా నేను చూడని సినిమాలు ఊరందరికీ సిఫారసు చేయడం మొదలుపెట్టాను. అదేమంత కష్టమైన పని కాదు. హాల్లో తెర పక్కన నల్లబోర్డు ఉంటుంది. దాని మీద పైన 'ఈ వారాంతం తీరిగ్గా చూడండి' అని రాయాలి. కింద చిత్రం, స్థలం, నిడివి, కూర్చోవలసిన తీరు రాయాలి. చిత్రం పేరు జిల్లా నుంచి ఫోనులో వస్తుంది. పొగడ్త మాటలు కూడా వాళ్ళే పంపుతారు. 'ఆహ్లాదకరం' అని ఒక వారం, 'మనసుకు హాయి' అని ఒక వారం.

మొదటి శనివారం వయొలిన్ కచేరీ. ఏదో పెద్ద పట్నంలో జరిగినదాన్ని సినిమాగా తీశారు. విద్వాంసుడు కళ్ళు మూసుకుని, జుట్టు ఎగిరిపడేలా వాయిస్తున్నాడు. దగ్గర్నుంచి తీశారేమో, నుదుటి మీద ఒక్కో చెమటబొట్టూ కనిపిస్తోంది.

"పాపం, అట్టా చెమటలు కక్కుతున్నాడు, ఎవరన్నా కాసిని మంచినీళ్ళియ్యండయ్యా" అన్నాడు చెంచయ్య తాత.

"నిశ్శబ్దము!" అన్నారు మార్తాండం గారు.

ఆడవాళ్ళు ఊరికే కూర్చోలేక చిన్న చిన్న సంచుల్లో మిరపకాయలు తెచ్చుకున్నారు, తొడిమలు తీస్తూ చూడొచ్చని. ముందు వరసలో ఒకరికి తుమ్ము వచ్చింది. తర్వాత దగ్గు అందుకుంది. వయొలిన్ బాగా పైకి వెళ్ళిన సమయానికి హాలంతా ఖళ్ళు ఖళ్ళుమంటోంది. మార్తాండం గారు తలుపు దగ్గరికి పరిగెత్తి ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నారు. ఆయన కళ్ళనిండా నీళ్ళు చూసి మా అమ్మ నా చెవిలో, "పాపం, సార్‌కి సంగీతం అంటే ఎంత ఇదో చూడు" అంది.

తర్వాత, సినిమాలో ఉన్న జనమంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. కచేరీ అయిపోయిందని మా వాళ్ళూ లేచి చప్పట్లు కొట్టి, చెప్పులేసుకుని ఇళ్ళకి వెళ్ళిపోయారు. తీరా చూస్తే అక్కడ జనం అడిగారని విద్వాంసుడు మళ్ళీ కూర్చుని ఇంకో రాగం ఎత్తుకున్నాడు. ఆ రాగాన్ని మార్తాండం గారు ఒక్కరే విన్నారు.

సోమవారానికి ఉత్తర్వు వచ్చింది. వీక్షణ సమయమున చేతులు ఖాళీగా ఉంచవలెను. పని వస్తువులు నిషేధము. చిత్రము పూర్తిగా ముగియువరకు తలుపు గడియ వేయబడును. వచ్చినప్పుడొకసారి, పోయేటప్పుడొకసారి వేలిముద్ర వేయవలెను. రెండో వేలిముద్ర లేనివారి తీరిక లెక్కలోకి రాదు.

ఆ తర్వాతి ఆదివారం డాక్యుమెంటరీ తిమింగలం మీద. అది సముద్రంలో నోరు తెరుచుకుని పోతూనే ఉంది, తింటూనే ఉంది. పగలూ తింది, చీకట్లోనూ తింది. అమ్మ చాలాసేపు చూసి నిట్టూర్చింది. "చూశావటే మల్లీ, అంత ఒళ్ళు పెట్టుకుని దానిగ్గూడా ఆదివారం లేదు" అంది. మిగతావాళ్ళు నిద్రపోయారు. తెల్లవారకముందే కోతకి లేచినవాళ్ళు మెత్తటి కుర్చీలో, మసక వెలుతురులో, చల్లటి నీళ్ళ చప్పుడు వింటూ ఇంకేం చేస్తారు?

దాని మీద జిల్లాలో పెద్ద చర్చ జరిగిందట. నిద్ర విశ్రాంతే కదా అని కొందరు అధికారులు, విశ్రాంతే గానీ వీక్షణ కాదని కొందరు. చివరికి 'కళ్ళు తెరిచి విశ్రమించవలెను' అని తేల్చారు. విశ్రమిస్తున్నట్టు కనబడాలి కూడా. బిగుసుకుని కూర్చున్నవాళ్ళనీ, మాటిమాటికీ తలుపు వైపు చూసేవాళ్ళనీ మార్తాండం గారు టార్చిలైటు వేసి పట్టుకునేవారు. "తమరు తొందర కనబరచుచున్నారు. భుజములు వదులు చేయండి. ఇంకా. దవడ కూడా" అనేవారు. చెంచయ్య తాత దవడ వదులు చేస్తే కట్టుడు పళ్ళు జారి ఒళ్ళో పడ్డాయి. ఆయన్ని ఆ వారానికి ఆదర్శ వీక్షకుడిగా ప్రకటించారు.

ఇంత జరుగుతున్నా ఊరు ఎందుకు భరించిందంటే, టార్పాలిన్ పట్టాల వల్ల.

మాది మిరప ఊరు. కోసిన కాయలు ఊరి వెనక కల్లాల్లో ఎర్రగా పరుచుకుని ఎండుతాయి. సగం ఎండిన కాయ మీద ఒక్క వాన పడితే చాలు, రంగు పోయి తెల్లబడుతుంది. తాలు కాయ అంటారు. దాన్ని ఎవరూ చెయ్యి పెట్టి కూడా చూడరు. అందుకని ఏటా వ్యవసాయ శాఖ వాళ్ళు తక్కువ ధరకి పట్టాలు ఇచ్చేవాళ్ళు. ఈ ఏడు శాఖల సమన్వయం జరిగింది. సమన్వయం అంటే ఏమిటో మార్తాండం గారు వివరించారు: నెలరోజులు ఏ వారాంతమూ తప్పకుండా తీరిగ్గా ఉన్న కుటుంబానికే పట్టా.

"తీరికకీ పట్టాకీ ఏంది సార్ సంబంధం?" అని అడిగాడు తాత.

"పట్టా ఉన్నచో రైతుకు ఆందోళన తగ్గును. ఆందోళన తగ్గించుకొను అలవాటు లేనివానికి పట్టా ఇచ్చియేమి ప్రయోజనము?"

మా పాత పట్టా పోయినేడు గాలివానకి పేలికలైపోయింది. అదే వానకి మా కాయ సగం తాలు అయింది. చేను కౌలుది. ఈసారి కూడా కాయ పోతే, వచ్చే ఏడు చేను మాకు ఇవ్వరని అమ్మకి తెలుసు. అందుకే ఆమె ప్రతి శనివారం, ప్రతి ఆదివారం కోత మధ్యలో ఆపి, చేతులు కడుక్కుని, హాల్లో కూర్చుని, భుజాలు వదులు చేసింది. కూలివాళ్ళని కేకేసి పిలిచే గొంతుతో ఏనాడూ ఒక్క మాట అనలేదు. తీరిక పూర్తయ్యాక చీకట్లో టార్చిలైటు పెట్టుకుని కోసేది.

పట్టాలైతే లారీలో వచ్చాయి. హాల్లోనే ఒక మూల దొంతరగా పెట్టారు. కానీ కిటికీల్లోంచి వెలుతురు వచ్చి తెర మీద బొమ్మ వెలవెలబోతోందని మార్తాండం గారికి బాధ కలిగింది. దొంతర విప్పించి, అన్ని కిటికీలకీ, తలుపు పైన సందులకీ పట్టాలు కట్టించారు. బొమ్మ బ్రహ్మాండంగా కనబడసాగింది.

ఈలోగా ఇంకో ముచ్చట జరిగింది. మా సర్పంచి గారి భర్త పున్నారావు గారు. ఊళ్ళో అందరూ సర్పంచి అనేది ఆయన్నే. ఆయన ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చి, "అమ్మాయ్ మల్లీ, ఈ శనివారం మా మేనల్లుడి పెళ్ళి వీడియో రాయి బోర్డు మీద. బ్యాండు మేళం ఉంది, కచేరీ అవుద్ది. పెళ్ళంతా ఉంది, డాక్యుమెంటరీ గూడా అవుద్ది. రెండ్రోజులకీ అదొక్కటే సరిపోద్ది" అన్నారు. నేను తల అడ్డంగానూ ఊపలేదు, నిలువుగానూ ఊపలేదు. ఆయనే వెళ్ళి బోర్డు మీద జిల్లా వాళ్ళు చెప్తే నేను రాసిన పేరు చెరిపి, మేనల్లుడి పేరు రాసుకున్నారు.

మార్తాండం గారికి అంత కోపం రావడం అదే మొదటిసారి. "సిఫారసు సహాయకురాలి చేతివ్రాతతో ఒకసారి బోర్డు మీదకు ఎక్కిన సిఫారసును మార్చు అధికారము సర్పంచికి లేదు, సర్పంచి భర్తకు లేదు, నాకు లేదు, మా సంచాలకులకు కూడా లేదు! అది అంతిమము. అందరూ కట్టుబడవలసినదే!" అని హాలు మధ్యలో నిలబడి అరిచారు. పున్నారావు గారు తుడిచిన చేతిని లుంగీకి రాసుకుంటూ వెళ్ళిపోయారు. మార్తాండం గారు ఆ మాటనే ఉత్తర్వుగా రాసి సంతకం పెట్టారు. ఆ పెళ్ళి వీడియో ఇప్పటికీ ఎవరూ చూడలేదు.

నెలలో ఆఖరి ఆదివారం వచ్చింది. ఆ రోజు వేలిముద్రలు పడితే అమ్మకి పట్టా వస్తుంది. కోత కూడా ముగిసింది. ఉన్న కాయంతా కల్లంలోనే ఉంది.

మధ్యాహ్నం అమ్మ కల్లం గట్టు మీద నిలబడి పడమర వైపు చూస్తోంది. అటు ఆకాశం బూడిద రంగులోకి తిరిగింది.

"మబ్బు లేస్తందే మల్లీ. పోదామా, మానేద్దామా?"

పోకపోతే పట్టా రాదు. పోతే కాయ దగ్గర మనిషి ఉండదు. మనిషి ఉన్నా పట్టా లేకుండా చేసేది లేదు. అమ్మ కాయల్ని గబగబా ఒకచోటికి నెట్టి కుప్ప చేసి, పైన గోనెసంచులు కప్పింది. సంచులు సగానికే వచ్చాయి. చేతులు కడుక్కుని, "పద. కూర్చునే పని గదా, కూర్చుందాం" అంది.

ఆ వేళ డాక్యుమెంటరీ వాన మీద. నేనే బోర్డు మీద రాశాను, 'అడవిలో వాన, ఆహ్లాదకరం' అని. గడియ పడింది. దీపాలు ఆర్పారు. ఎక్కడిదో పచ్చటి అడవి, పెద్ద పెద్ద ఆకులు, ఆకుల మీద చినుకులు. హాలుకి నాలుగు మూలలా స్పీకర్లున్నాయి. వాన నిజంగా నెత్తిమీద పడుతున్నట్టే ఉంది.

కాసేపటికి తెర మీద ఒక కప్ప కనిపించింది. చినుకులు ఆగిపోయి, ఎండ వచ్చి, కప్ప ఆకు మీద కదలకుండా కూర్చుంది. అప్పుడు పెద్దగా ఉరిమింది.

"శబ్ద వ్యవస్థ గమనించితిరా!" అన్నారు మార్తాండం గారు సంతోషంగా.

మళ్ళీ ఉరిమింది. కిటికీకి కట్టిన పట్టా ఒకటి ఉబ్బి, లోపలికి ఎగిరి, మళ్ళీ గోడకి కొట్టుకుంది. చెంచయ్య తాత తల పైకెత్తి గాలి పీల్చాడు.

"సార్, సినిమాలో వానకి మట్టి వాసన గూడా వస్తదా?"

"అది ఇంకను మా శాఖ పరిశీలనలో..."

ఆయన మాట పూర్తికాకముందే అమ్మ లేచి నిలబడింది. టార్చిలైటు ఆమె మొహం మీద పడింది.

"ఆదెమ్మ గారూ, తమరు తొందర కనబరచుచున్నారు."

"బయట వాన మొదలవతంది సార్. గడియ తియ్యండి. నా కాయంతా కల్లంలో ఉంది."

"చిత్రము ముగియుటకు ఇంకా సమయమున్నది. ఇప్పుడు లేచినచో నెలరోజుల మీ తీరిక వృథా. పట్టా రాదు."

"ఆ పట్టాతో ఏం జెయ్యమంటారు సార్, కాయ తడిసినాక? దుప్పటిలాగా కప్పుకుని పడుకోమంటారా?"

"ఆందోళనతో నిర్ణయములు తీసుకొనరాదు. ముందు కూర్చొనండి. భుజములు వదులు చేయండి."

హాలంతా లేవబోతోంది, లేవలేకపోతోంది. అందరి కాయలూ కల్లాల్లోనే ఉన్నాయి, అందరికీ పట్టాలు కావాలి. ఆ పట్టాలేమో మా చుట్టూ కిటికీలకి వేలాడుతున్నాయి. తలుపు దగ్గర మార్తాండం గారు ఉన్నారు. అమ్మ అలాగే నిలబడి ఉంది. ఆమె కళ్ళు కిటికీకి కట్టిన పట్టా మీదే ఉన్నాయి.

నాకు గట్టిగా మాట్లాడటం రాదు. రాయడం వచ్చు. లేచి బోర్డు దగ్గరికి వెళ్ళాను. 'అడవిలో వాన' చెరిపి, సినిమా వెలుగులోనే రాశాను. రాస్తుంటే సుద్దముక్క విరిగింది, మిగిలిన ముక్కతో పూర్తిచేశాను.

"ఏం రాస్తందిరా మల్లి?" అని అడిగాడు తాత.

పున్నారావు గారు కళ్ళజోడు సర్దుకుని పైకి చదివారు.

"ఈ వారాంతం తీరిగ్గా చూడండి. డాక్యుమెంటరీ: కల్లంలో మిరపకాయలు. స్థలం: ఊరి వెనక కల్లాలు. నిడివి: వాన వెలిసేదాకా. కూర్చోవలసిన తీరు: పట్టా అంచుల మీద. గమనిక: కిటికీలకి ఉన్న పట్టాలన్నీ వెంట తీసుకురావలెను."

అడవిలో కప్ప ఒకసారి బెకబెకమంది.

"ఇది... ఇది జిల్లా నుంచి వచ్చిన పేరు కాదు. చెరిపివేయుము" అన్నారు మార్తాండం గారు.

"ఆగండాగండి సార్!" పున్నారావు గారు కుర్చీ మీంచి లేచారు. ఆయన మొహంలో అంత వెలుగు పంచాయతీ ఎన్నికలప్పుడు కూడా లేదు. "చేతిరాత మల్లిదే. బోర్డు మీదకెక్కింది. ఎక్కినాక మీరు గూడా మార్చగూడదు, మీ సంచాలకులు గూడా మార్చగూడదు. మా మేనల్లుడి పెళ్ళప్పుడు ఇక్కడే నిలబడి చెప్పలా? అంతిమం అన్నారు సార్. నేను మర్చిపోలా!"

మార్తాండం గారు తన ఫైలు తీసి టార్చి వెలుగులో ఆ ఉత్తర్వు చదువుకున్నారు. కింద తన సంతకమే ఉంది. మళ్ళీ చదువుకున్నారు. పైన రేకుల మీద చినుకులు టపటపమంటున్నాయి.

"ప్రదర్శన ఆరుబయట ఉండరాదని నిబంధనలలో ఎక్కడా లేదు" అన్నారు చివరికి, ఎంతో బాధ్యతగా. "పాటించనివారిపై చర్యలుండును. అందరూ... పదండి. ఎవరూ పరుగెత్తరాదు."

గడియ తీశారు. అందరూ పరిగెత్తారు.

పట్టాలు ఎవరు విప్పారో, ఎవరు లాగారో తెలియదు. పెద్దా చిన్నా కిటికీలెక్కి తాళ్ళు తెంచారు. ఎవరికి దొరికింది వాళ్ళు నెత్తిమీద వేసుకుని కల్లాల వైపు పోయారు. అమ్మ ఒకటి చుట్టబెట్టి భుజాన వేసుకుంది. నేను వెనక కొస పట్టుకున్నాను. చెంచయ్య తాతకి పట్టా దొరకలేదు. "మా కుప్ప మీ కుప్పకి ఆనుకునే ఉందిలే, ఒక్కటే కప్పుదాం పదండి" అంటూ మా వెనకే వచ్చాడు. దారిలో మార్తాండం గారి టార్చిలైటు మా వెనక ఎగిరెగిరి పడుతోంది. "వేలిముద్రలు! వేలిముద్రలు!" అని వినబడుతోంది.

కల్లంలోకి వచ్చేసరికి గాలి చెలరేగింది. గోనెసంచులు కొన్ని ఎగిరిపోయి ఉన్నాయి. పట్టా విప్పితే తెరచాపలాగా లేచింది. అమ్మ ఒక మూల మోకాళ్ళతో అదిమింది. నేనొక మూల కూర్చున్నాను. తాత మూడో మూల మీద బోర్లా పడుకున్నాడు. నాలుగో మూల లేచి టపాటపా కొట్టుకుంటూ కుప్పని బయటపెడుతోంది. ఊడ్చి చదును చేసిన కల్లం అది, చుట్టుపక్కల రాయనేది లేదు.

అప్పుడు మార్తాండం గారు వచ్చారు. కోటులో వేలిముద్రల యంత్రం దాచుకుని, ఒగరుస్తూ.

"హాజరు... వీక్షకుల హాజరు..."

"సార్, ఆ మూల కూర్చోండి!" అని అరిచింది అమ్మ. కోతలో కూలివాళ్ళని పిలిచే గొంతు అది.

"నేనా? నేను పర్యవేక్షణాధికారిని!"

"బరువైతే ఉన్నారు గదా! కూర్చోండి!"

"బోర్డు మీద అట్టాగే ఉంది సార్, పట్టా అంచుల మీదని" అన్నాడు తాత, నోట్లో నీళ్ళు ఉమ్ముతూ.

మార్తాండం గారు కూర్చున్నారు. పట్టా చప్పున అణిగిపోయింది. నిజం చెప్పాలంటే నాలుగు మూలల్లోకీ ఆ మూలే గట్టిగా నిలిచింది.

వాన దంచికొట్టింది. చుట్టూ అన్ని కల్లాల్లోనూ మనుషులు పట్టాల అంచుల మీద గొంతుక్కూర్చుని ఉన్నారు. ఎవరూ కదలడానికి లేదు, చేతులు తియ్యడానికి లేదు, చేసే పని ఇంకేమీ లేదు. పక్క కల్లంలోంచి పున్నారావు గారు ఏదో పాట ఎత్తుకున్నారు. చాలా అపస్వరం. అయినా అందరూ విన్నారు, ఎవరూ లేచిపోలేదు.

అమ్మ ఒక చెయ్యి పట్టా కిందికి పోనిచ్చి తడిమింది. చాలాసేపు తడిమింది. పడమటి పక్కన గాలి కొట్టినచోట కాయ తడిసిపోయింది. అది తాలే. లోపలికి, ఇంకా లోపలికి చెయ్యి పోనిచ్చి, గుప్పెడు తీసి నా చెవి దగ్గర ఆడించింది. గలగలమన్నాయి. పొడిగా ఉన్నాయి.

అమ్మ భుజాలు వాటంతటవే కిందికి దిగాయి.

మార్తాండం గారి క్రాపు నుదుటికి అతుక్కుపోయింది. కోటు జేబులోంచి ఫోను మోగుతోంది. తీద్దామంటే పట్టా లేస్తుంది. ఒకసారి ఆకాశం వైపు చూశారు. ఒకసారి జీపు ఆగి ఉన్న వైపు చూశారు. మళ్ళీ ఆకాశం వైపు చూశారు.

"ఆదెమ్మ గారూ, ఇది ఇంకా ఎంతసేపు ఉండవచ్చును?"

అమ్మ మొహం మీది నీళ్ళు మోచేత్తో తుడుచుకుంది.

"మీకేం తొందర సార్? ఆదివారమేగా" అంది.